లుగోసీ గొంతు వినిపించని చిత్రం

సంపాదకులకు నమస్కారములు.

పాత భయానక చిత్రాలను ఇష్టపడే మిత్రులతో కలిసి 1956 నాటి అమెరికన్ చిత్రం ‘ది బ్లాక్ స్లీప్’ను ఇటీవల అనంతపురంలో చూశాను. బాసిల్ రాత్‌బోన్, బేలా లుగోసీ, లాన్ చానీ జూనియర్, జాన్ కారడైన్, అకీం టామిరాఫ్ ఒకే తెర మీద కనిపిస్తారంటే ఎంత ఆశ కలుగుతుందో, చిత్రం ముగిసేసరికి అంత నిరాశ మిగిలింది.

కథలో బలం లేకపోలేదు. 1872 నాటి ఇంగ్లండులో ఉరిశిక్ష పడిన యువవైద్యుణ్ణి, మందు ప్రభావంతో చనిపోయినట్లు అందరినీ నమ్మించి జైలు నుంచి తప్పించిన శస్త్రవైద్యుడు కాడ్‌మన్, స్పృహ లేకుండా పడివున్న తన భార్యను బతికించుకోవాలన్న ఆరాటంతో సజీవులైన మనుషుల మెదళ్ళనే కోసి పరిశోధిస్తుంటాడు. ప్రేమే క్రూరత్వానికి దారితీసిన ఈ పాత్రను రాత్‌బోన్ ఎంతో నిబ్బరంగా పోషించారు. టామిరాఫ్ కూడా మెప్పించారు.

మిగిలినవారికి జరిగిన అన్యాయమే నన్ను బాధించింది. 1931లో ‘డ్రాక్యులా’గా తన గంభీరమైన కంఠంతో, హంగేరియన్ యాసతో ఒక్కొక్క మాటనూ ఆపి ఆపి పలుకుతూ ప్రేక్షకులను వణికించిన లుగోసీకి ఇక్కడ మూగ సేవకుని వేషం ఇచ్చారు. ఆ ఏడాది ఆగస్టులోనే ఆయన మరణించారని తలచుకుంటే మనసు మరింత కలత చెందుతుంది. చానీ పోషించిన మంగో ఒకప్పుడు చదువుకున్న మనిషి, అతని కూతురు ఆ ఇంట్లోనే ఉంటుంది. అయినా ఆ తండ్రీకూతుళ్ళ వేదనను పట్టించుకోకుండా అతణ్ణి మనుషుల మీద పడే ఉన్మాదిగానే చూపారు. కారడైన్ చివరలో వచ్చి, తాను మధ్యయుగపు మతయుద్ధాల (క్రూసేడ్ల) యోధుణ్ణన్న భ్రమతో కేకలు వేసి వెళ్తారు.

మా తాడిపత్రి ప్రాంతం నుంచి వచ్చిన కె.వి. రెడ్డి గారు 1951లో ‘పాతాళభైరవి’ తీసినప్పుడు, ఎస్.వి. రంగారావు గారి కంఠానికి తగిన మాటలను పింగళి నాగేంద్రరావు గారు రాశారు కనుకనే నేపాళ మాంత్రికుణ్ణి మూడు తరాలు మరచిపోలేదు. ‘ది బ్లాక్ స్లీప్’ రచయితలు, దర్శకుడు రెజినాల్డ్ లె బోర్గ్ తమ నటుల విషయంలో ఆ శ్రద్ధ చూపలేదు.

రాత్‌బోన్, లుగోసీ 1939లోనే ‘సన్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’లో కలిసి నటించారు. అందులో మెడ విరిగిన ఈగోర్‌గా లుగోసీకి దక్కినది నిజమైన పాత్ర. మీ సినిమా పేజీలో పాత విదేశీ చిత్రాలకు చోటిచ్చేటప్పుడు ముందుగా ఆ చిత్రాన్ని పరిచయం చేయవలసిందిగా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, అనంతపురం