కళాసీ బాబాయికి, మోకు పట్టిన వాళ్లందరికీ

మూడో రోజు సాయంత్రానికి చెట్టు దిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ప్రహరీ పడలేదు, వేపచెట్టు బతికింది. ఒళ్లు హూనమైపోయింది గానీ రేపటికి వాయిదా వేస్తే సగం మర్చిపోతాం, అందుకే ఇప్పుడే రాస్తున్నాం.

విశాఖ పెదవాల్తేరులో మా వీధి మలుపులోని నిద్రగన్నేరు గాలివానకు వేళ్లతో సహా లేచి, పక్కనున్న వేప మీద ఒరిగి ఆగిపోయింది. నలభై అడుగుల చెట్టు. కాలవ కోసం ఒకవైపు వేళ్లు నరికేశారు, మొదలు చుట్టూ సిమెంటు పోసేశారు. ఇక పట్టెక్కడిది? ఇలా ఆగిన చెట్టు, నేల మీద పడ్డ చెట్టు కంటే ప్రమాదం. అడుగున్నర మందం, పదడుగుల పొడవున్న పచ్చి దుంగే నాలుగు వందల కిలోల దాకా తూగుతుంది.

ఆ దారిన పోతూ ఆగిన పెద్దాయన ఒకప్పుడు పోర్టులో తాళ్లతో బరువులు ఎత్తి దించే కళాసీ. రాగానే రంపం ఆపించారు. "ముందు అందరూ కిందనుంచి బయటికి రండి బాబూ. అది పడిపోయిన సెట్టు కాదు, ఇంకా పడతంది" అన్నారు. లేచిన వేళ్ల ముద్దకీ నేలలో దిగ్గొట్టిన పుల్లకీ మధ్య దారం కట్టించి, ఒక పిల్లాణ్ణి దూరంగా కూర్చోబెట్టారు. దారం బిగిసినా, వదులైనా కేకెయ్యాలి.

అప్పటికే రంపం అబ్బాయి మొదలు దగ్గర్నుంచి ముక్కలు ముక్కలుగా కోసుకుపోదామని రంపం పెట్టబోయాడు. అలా కోసేకొద్దీ మాను నిటారవుతుంది, చివరికి ఎటు తిరుగుతుందో తెలీదు, కోసేవాడి కాళ్ల మీదికే దిగొచ్చు. వేపనే కొట్టేద్దామని ఇంకొకరు. అది కొడితే రెండు చెట్ల బరువూ కిందున్న మనిషి మీదే. జేసీబీతో తోద్దామన్న వాళ్లకీ ఆయన ఓపిగ్గానే చెప్పారు: తోస్తే మాను దొర్లుతుంది, దొర్లితే గోడ మీదికే. భయంతో ముఖం పాలిపోయిన ఆ అబ్బాయి భుజం మీద చెయ్యేసి, "నీ తప్పు కాదు నాయినా, నీకెవలూ సెప్పనేదు" అన్నారు. మూడు రోజులుగా అందరి మీదా అరుస్తున్న మాకందరికీ ఆ మాటతో కళ్లలో నీళ్లొచ్చాయి.

తర్వాత పని. కరెంటు ఆపి, తీగ విప్పేదాకా ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. ఎవరూ చెట్టెక్కలేదు. సన్న తాడుకి బరువు కట్టి కొమ్మ మీంచి విసిరి, దాంతో మోకు పైకి లాగారు. ఆ మోకుని పక్క కానుగ మొదట్లో రెండు చుట్లు తిప్పారు. చుట్ల రాపిడి వల్ల అంత బరువునీ ఒక్క మనిషి కాసుకోగలడు. వెనక ముప్పై అడుగుల దూరంలో తురాయి మొదలుకి, నేలకి అడుగెత్తులో, గోనె సంచులు చుట్టి మూడు టన్నుల హ్యాండ్ వించి (చేత్తో ఆడించి బరువు లాగే యంత్రం) కట్టారు. వైరు రోపు మీద తడి గోనెలు వేశారు, తెగితే కొరడాలా కొట్టకుండా. రోపు గీత మీద ఎవరూ నిలబడకూడదు.

రెండు కొసలా ఆగిన మానుకి పైభాగం నొక్కుకుని ఉంటుంది, అడుగుభాగం సాగి ఉంటుంది. అందుకే మొదట పైనుంచి మూడోవంతు కోసి, ఆ సందులో వెడ్జి (చీల) బిగించి, అప్పుడు కిందనుంచి. తిరగేస్తే రంపం ఇరుక్కుంటుంది, లేదా మాను చీలిపోతుంది. కింద మూడంగుళాల ఖాళీతో రెండు దిమ్మలు పెట్టారు కాబట్టి తెగిన మాను వాటి మీద కూర్చుంది. అదే క్షణంలో వేళ్ల ముద్ద దభేల్మని వెనక్కి గోతిలో పడింది. అక్కడ పిల్లలుంటే? ఆ గోతి చుట్టూ తాడు కట్టించింది ఆయనే.

మోడు అడ్డురాకుండా కాస్త పక్కకి తప్పించి, మానుని అరడుగు చొప్పున వెనక్కి లాగారు. ప్రతిసారీ ఆగడం, పైకి చూడ్డం. ఆయన అరచెయ్యి మోకు మీదే ఉంది. "మూలుగుతంది, ఆపండి." ఆగాం. వేపకొమ్మలోంచి మాను ఒక్కో కణుపూ జారుతూ దిగింది.

డబ్బులిస్తే టీ ఒక్కటి తాగి వెళ్లిపోయారు. బాబాయ్, మీకు ఏమిచ్చినా తీరదు.

ఇంట్లో వాళ్లు, బావగార్లు ఉండనే ఉన్నారు, థాంక్స్.

ఒక్క బాధ మాత్రం చెప్పాలి. ఒక ఆఫీసు చెట్టు మాది కాదంది, ఇంకోటి తీగ మాది కాదంది, చెట్టు కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం అనుమతికి దరఖాస్తు పెట్టుకోమన్నారు. గాలికి లేచిన చెట్టుకి కూడానా? రోడ్డుకి అడ్డం పడ్డవి గంటల్లో తీస్తారు, ఒరిగినవి వదిలేస్తారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరు మనది. ఒరిగిన చెట్లకి వించి, మోకులు, తెలిసిన నలుగురు మనుషులు వార్డుకో చోట ఉండొద్దా?

అయ్యో, లైన్‌మన్ గారు! పని అయ్యేదాకా కదలకుండా నిలబడ్డారు. నిచ్చెన ఇచ్చిన వెల్డింగ్ షాపు వాళ్లకి, రెండు వైపులా ఆటోలు ఆపిన కాలేజీ కుర్రాళ్లకి, దారం కాసిన బుడతడికి కూడా. విరిగిన వేపకొమ్మని రంపంతో నున్నగా కోసిన రంపం అబ్బాయికి మరీ మరీ.

బాబాయ్, మీ మోకు మా దగ్గరే ఉండిపోయింది. మంచినీళ్లతో కడిగి, మీరు చెప్పినట్టే ఎండ తగలకుండా నీడన ఆరేశాం. టీ కొట్టు దగ్గర అడ్రసు చెప్పి వెళ్లండి, తెచ్చిస్తాం.