మా ట్యాంకులో మెస్ మేనేజర్

ప్లానో, టెక్సాస్
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు ఇంత ఆలస్యం చేసినందుకు ఏమీ అనుకోకు. ముందు క్షేమ సమాచారాలు గబగబా చెప్పేస్తాను. అందరం బాగున్నాం. మీ చెల్లెమ్మ కొత్త ఉద్యోగంలో చేరింది. పాపకి సెలవులు దగ్గరపడ్డాయి. మీ నాన్నగారికి మోకాలి ఆపరేషన్ అయ్యాక ఎలా ఉందో మాత్రం నువ్వే వివరంగా రాయాలి. ఫోన్‌లో అడిగితే అమ్మగారు "బాగానే ఉన్నారు బాబూ" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఇక అసలు సంగతి. మెస్ మేనేజర్ పోయాడు! మన పాత మేనేజర్ కాదులే, మా ట్యాంకులోది. రాత్రి నా కళ్ళతో చూశాను. నీకు చెప్పేదాకా నాకు కాలు నిలవడం లేదు.

మా రీఫ్ ట్యాంకు, అదే పగడాలు పెంచే ఉప్పునీళ్ళ అక్వేరియం, ఫొటోలు పంపాను కదా, 75 గ్యాలన్లది. అందులో వేసిన లైవ్ రాక్, అంటే సముద్ర జీవులు పట్టిన రాళ్ళు, ఫ్లోరిడా దగ్గర సముద్రంలో పెంచి అమ్మేది. ఆ రాళ్ళతోనే ఎయిప్టేషియా వచ్చింది. తెన్నేటి పార్కు కింద, అలలు వెనక్కి పోయినప్పుడు రాళ్ళ గుంటల్లో పువ్వుల్లా ఉండే సీ అనిమోన్లు చూసేవాళ్ళం గుర్తుందా? నువ్వు వేలు పెట్టి, తర్వాత... సరే, అది ఇక్కడ రాయను. ఇదీ ఆ జాతిదే. గోధుమరంగు కాడ, పైన సన్నటి మీసాలు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ పక్కనున్న పగడాన్ని కుట్టి కుట్టి చంపుతుంది. పాపకి ప్రాణమైన పచ్చ జోయాంథిడ్లు, అవే బొత్తాల్లా గుంపుగా పెరిగే పగడాల చుట్టాలు, దీని వల్లే ముడుచుకుపోయి, రోజుల తరబడి తెరుచుకోలేదు. స్కూలు నుంచి రాగానే ముందు వాటినే చూసేది. ఆ మొహం చూస్తే నాకు తిండి సహించేది కాదు.

ఈ ఎయిప్టేషియాల్లో అన్నిటికన్నా పెద్దది హ్యామర్ కోరల్ అనే పగడం మొదలు దగ్గర, రాతి పగుల్లో కూర్చుంది. నీడ పడితే చాలు లోపలికి లాక్కునేది. అటు తిరిగితే మళ్ళీ బయటికి. దానికి మెస్ మేనేజర్ అని ఎందుకు పేరు పెట్టానో నీకు చెప్పక్కర్లేదు. సాంబారు గిన్నె గుర్తు చేసుకో, చాలు.

స్క్రూడ్రైవర్‌తో గీకేద్దామంది మీ చెల్లెమ్మ. వద్దన్నాను. దాని పాదంలో చిన్న ముక్క మిగిలినా అది మళ్ళీ పూర్తి జీవి అవుతుంది. అసలు కదిలేటప్పుడు తనే ముక్కలు వదులుకుంటూ పోతుంది. రాయి తీసి ఉడకబెట్టొచ్చు కదా అని నువ్వు అడుగుతావు. ఆ పని ఎవరూ చేయకూడదు బావా! జోయాంథిడ్లలో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉండొచ్చు. అలాంటి రాళ్ళు ఉడకబెట్టి, ఆ ఆవిరి పీల్చి ఇళ్ళకి ఇళ్ళే ఆసుపత్రి పాలయ్యాయి. బటర్‌ఫ్లై చేపని తెమ్మని కొందరన్నారు. కాపర్‌బ్యాండ్ అని ఒక రకం వీటిని తింటుంది. కానీ చాలావరకు ఇళ్ళలో మేత ముట్టక చచ్చిపోతాయి. ఒక తెగులు కోసం ఒక చేప ప్రాణం తీయడం నాకిష్టం లేదు.

సున్నంతో మొదలుపెట్టాను. మన తాంబూలంలో వేసుకునే సున్నమే, కాల్షియం హైడ్రాక్సైడ్. చిక్కగా కలిపి, సిరంజిలో ఎక్కించి, పంపులు ఆపి, ఎయిప్టేషియా నోటి మీద మెల్లగా వదలాలి. బయటికి కనబడేవి కరిగిపోయాయి. అయితే ఒకేసారి ఎక్కువ వేస్తే నీళ్ళ పీహెచ్ పెరిగి మిగతావాటికి ప్రమాదం. అందుకని రోజుకి కాసిని చొప్పున. మేనేజర్ మాత్రం పగుల్లో భద్రం. అక్కడ సున్నం వదిలితే హ్యామర్ కోరల్ కాలిపోతుంది.

తర్వాత ఎయిప్టేషియాని తినే పెప్పర్‌మింట్ రొయ్యలు. ఇక్కడ నా కోపం చెప్పుకోవాలి. ఇక్కడి ఒక షాపులో పెప్పర్‌మింట్ అని రాసిన ట్యాంకులో క్యామెల్ రొయ్యలు పెట్టారు! వాటికి వీపు మీద గూని ఉంటుంది, ఒంటి మీద ఎరుపుతో పాటు తెల్లటి గీతలుంటాయి. అవి పగడాల్ని కూడా తింటాయి. చూసి చెప్తే అమ్మేవాడు "రెండూ ఒకటే" అన్నాడు. తెలియని వాళ్ళు ఎంతమంది కొనుక్కుపోయారో! నేను వేరేచోట అసలువి తెచ్చాను. చిన్న ఎయిప్టేషియాలన్నిటినీ తినేశాయి. మేనేజర్ జోలికి పోలేదు.

అప్పుడు బెర్ఘియా తెప్పించాను. గుల్ల లేని చిన్న సముద్రపు నత్త. అంగుళం కూడా ఉండదు, ఒళ్ళంతా తెల్లటి కుచ్చులు. ఎయిప్టేషియా తప్ప ఇంకేమీ తినదు! కానీ రొయ్యలు దీన్ని తినేస్తాయి. అంచేత ముందు రొయ్యల్ని పట్టాలి. వాటర్ బాటిల్ మెడ కోసి, తిరగేసి లోపలికి దూర్చి, మేత వేసి రాత్రి ట్యాంకులో పెట్టాను. అచ్చం మీ కాలవలో మనం చేపలకి పెట్టిన మావు లాగే. తెల్లారేసరికి అన్నీ అందులోనే. వాటిని ఆఫీసు స్నేహితుడి ట్యాంకుకి పంపేశాను.

బెర్ఘియాల్ని రాళ్ళ మొదట్లో వదిలాక వారాల తరబడి ఒక్కటీ కనబడలేదు. ఒకటే టెన్షన్. అవి చీకట్లోనే తిరుగుతాయి. రోజూ అందరూ పడుకున్నాక ఎర్ర లైటు వేసుకుని కూర్చునేవాణ్ణి. ఒకరోజు అద్దం మీద తెల్లటి గుడ్ల చుట్ట కనిపించింది. ఎంత సంబరపడ్డానో!

ఇక నిన్న రాత్రి. పగులు దగ్గర రెండు బెర్ఘియాలు. ఒకటి మేనేజర్ మీసాన్ని తాకి చటుక్కున వెనక్కి తగ్గింది. కుచ్చులన్నీ నిక్కబొడుచుకున్నాయి. మళ్ళీ వెళ్ళింది. ఈసారి వదల్లేదు. రెండోది కాడ కింద పట్టింది. మేనేజర్ లోపలికి లాక్కుంటే ఇవీ లోపలికే దూరాయి. ఎయిప్టేషియా కుట్టే కణాలు బెర్ఘియాల్ని ఏమీ చేయకపోగా, ఇవే ఆ కణాల్ని అరిగించకుండా తమ కుచ్చుల కొనల్లో దాచుకుని ఆయుధాలుగా వాడుకుంటాయి! నాకు నోట మాట రాలేదు. పాపని లేపాను. మీ చెల్లెమ్మ తిట్టిందనుకో. తెల్లారి చూస్తే పగులు ఖాళీ.

ఇప్పుడు వేరే దిగులు పట్టుకుంది. తిండి అయిపోతే ఇవి ఆకలితో చచ్చిపోతాయి బావా. ఇంత మేలు చేసినవాటిని ఎలా వదిలేస్తాం? ఎయిప్టేషియా ఉన్న ఇల్లు వెతికి పంపాలి. చిత్రమేమిటంటే పగడాలు ఎందుకు తెల్లబారిపోతాయో తెలుసుకోవడానికి సైంటిస్టులు ఈ ఎయిప్టేషియానే ల్యాబుల్లో పెంచుతున్నారు. పగడాల్లో ఉండే రకం నాచే దీని ఒంట్లోనూ ఉంటుంది మరి.

అన్నట్టు, నువ్వూ వైజాగ్‌లో ట్యాంకు పెడతానన్నావు. పెడితే చేపలతో ఆగు. గట్టి పగడాలన్నిటినీ 2001లోనే వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. ఎవరు అమ్మజూపినా కొనకు. ఇంకా లైటింగ్ గురించి నువ్వడిగిన...

బెల్ మోగింది. బెర్ఘియాల కోసం మా రీఫ్ క్లబ్బు కుర్రాడు వచ్చేశాడు. ఇంకా ఒక్కటి కూడా పట్టలేదు, పైపెట్ ఎక్కడుందో ఏమో. నాన్నగారి సంగతి రాయి, మర్చిపోకు.

నీ
బావ