తల్లికి పడిన సూది గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ వారాల తరబడి గాజుపెట్టెలో ఉండి ఇంటికి చేరిందన్న వార్త పత్రికల్లో తరచూ చూస్తుంటాను. పిల్లల డాక్టరు ఫొటో ఉంటుంది, బిడ్డ ఎన్ని గ్రాములు పుట్టిందో ఉంటుంది, ఎంత ఖర్చయిందో కూడా ఉంటుంది. కాన్పుకు ముందు తల్లికి డెక్సా సూది, అంటే కడుపులో బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా గట్టిపడేందుకు వేసే స్టెరాయిడ్ మందు, పడిందా లేదా అన్నది మాత్రం నాకు ఒక్కసారీ కనిపించలేదు. 31 ఏళ్లు కాన్పుల వార్డులో చేసి రిటైరైన నర్సుని. నా కళ్లు ముందు వెతికేది దాన్నే.

ఆ సూది వెనక ఉన్న మనిషి గ్రాహం లిగిన్స్. న్యూజిలాండ్‌లో థేమ్స్ అనే ఊళ్లో 1926లో పుట్టారు. తెలిసినవాళ్లు మాంట్ అని పిలిచేవారు. ఆక్లాండ్‌లో నేషనల్ విమెన్స్ హాస్పిటల్లో కాన్పుల డాక్టరు. ఆయన వెతికింది ఊపిరితిత్తుల మందు కాదు. నొప్పులు మొదలుపెట్టేది తల్లా, బిడ్డా అన్నది ఆయన ప్రశ్న. జవాబు కోసం గొర్రెల దగ్గరికి వెళ్లారు. ఆయన మీద నాకు అభిమానం పుట్టింది అక్కడే. మాది గొర్లు మేపిన ఇల్లు. చూలు గొర్రె ఐదు నెలలకు ఈనుతుందని, దినాలు తక్కువైన పిల్ల నాలుగుసార్లు నోరు తెరిచి పోతుందని బడికి పోకముందే చూసినదాన్ని.

కడుపులో ఉన్న గొర్రెపిల్లకే కార్టిసాల్ లాంటి స్టెరాయిడ్ హార్మోను ఎక్కిస్తే తల్లి గొర్రె ముందే ఈనింది. గొర్రెల్లో మొదలుపెట్టేది బిడ్డేనని తేలింది. ఆయన అడిగినదానికి జవాబు దొరికినట్టే. కానీ దాదాపు 147 రోజులకు పుట్టాల్సిన పిల్ల 117 రోజులకే పుట్టి కూడా ఊపిరి తీస్తోంది. ఆ వయసుకు ఊపిరితిత్తులు విచ్చుకోవు. దీనికి మాత్రం కొంత గాలి పట్టింది. అడగని ప్రశ్నకు వచ్చిన ఆ జవాబును ఆయన వదల్లేదు. 1969లో గొర్రెల సంగతి అచ్చువేసి, పిల్లల డాక్టరు రాస్ హౌవీతో కలిసి 282 మంది తల్లుల మీద పరీక్ష చేశారు. 1972లో ఫలితం వచ్చింది. ముందుగా నొప్పులొచ్చిన తల్లుల బిడ్డల్లో, డెక్సా లాంటిదే అయిన బీటామెథాసోన్ సూది పడినవాళ్లలో తొలి రోజుల మరణాలు 3.2 శాతం, పడనివాళ్లలో 15 శాతం. అంతకు తొమ్మిదేళ్ల ముందే అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు ఐదున్నర వారాలు ముందుగా పుట్టి, ఊపిరాడక 39 గంటలకే పోయాడు. అంత పెద్ద ఇంటి బిడ్డకూ అప్పట్లో మందు లేదు.

ఇంత తేలినా, అమెరికాలో నిపుణుల సంఘం ఈ సూది వేయండని గట్టిగా చెప్పేసరికి 1994 వచ్చింది. ఈలోపు 1991లో నా చేతుల మీదే ఒకటి జరిగింది. ఏ ఆస్పత్రో అనవసరం. ఏడో నెలలో నొప్పులతో ఒకామె వచ్చింది, కవలలు. రాత్రంతా ఉంచుకుని తెల్లారాక పెద్దాసుపత్రికి పంపాం. పిల్లలిద్దరూ దక్కలేదు. సెలైన్ రియాక్షన్ వస్తే వేయడానికి డెక్సా బుడ్డి మా ట్రేలోనే ఉంది. మా చేతిలో ఒక రాత్రంతా ఉంది. దాన్ని ఇందుకు కూడా వేస్తారని మాలో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు తెలియదనడానికి లేదు. 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులొస్తే పెద్దాసుపత్రికి పంపేముందు ఏఎన్‌ఎం కూడా మొదటి డోసు వేయొచ్చని 2014లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలిచ్చింది. ఆరు మిల్లీగ్రాములు, 12 గంటలకొకటి, మొత్తం నాలుగు. అయినా స్టెరాయిడ్ అనగానే ఇంటివాళ్లకు టెన్షన్, మనకెందుకొచ్చిన గొడవని కొందరు సిబ్బందికి భయం.

అలాగని కడుపునొప్పి అన్న ప్రతి గర్భిణికీ పొడవమని నేననను. 2015లో వచ్చిన ఆరు దేశాల పరిశీలనలో, ఊళ్లలో విరివిగా వేస్తే మేలు కనబడకపోగా శిశుమరణాలు కొంచెం పెరిగాయి. అందులో మన దేశమూ ఉంది. అదే స్కానింగుతో వారాలు సరిగ్గా లెక్కగట్టి, బిడ్డను చూసుకునే వసతి ఉన్న ఆస్పత్రుల్లో వేసినప్పుడు మేలు జరిగిందని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్షలో తేలింది. అందులోనూ మన ఆస్పత్రులున్నాయి. కాబట్టి ముఖ్యం వారాల లెక్క. మన దగ్గర అదే పెద్ద తంటా. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదని ఒక మాట ఉంది కదా. అది అబద్ధం. కడుపులో ఉన్నకొద్దీ బిడ్డకు బలమే. కానీ ఎనిమిది అనడానికి నోరు రాక ఏడని చెప్పిన అత్తగార్లను ఎంతమందిని చూశానో! కార్డులో చివరి ముట్టు తేదీ గడి ఖాళీగా ఉంటే నర్సు దేన్ని నమ్మాలి?

లిగిన్స్‌కు 1991లో సర్ బిరుదు వచ్చింది, 2010లో పోయారు. ఆయన ఫొటో వేయమని అడగను. ఈసారి ఇలాంటి వార్త రాసేటప్పుడు, తల్లికి మొదటి సూది ఎన్ని గంటలకు పడింది, ఎక్కడ పడింది అని మీ విలేకరులను అడగమనండి. ఆ టైము రెఫరల్ చీటీ మీద రాసి ఉండాలి. లేకపోతే లేదనే రాయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా