పాలు మాన్పించే ముందు శ్వాస పరీక్ష చేయించాలి

సంపాదకులకు,

పాలు తాగితే కడుపు ఉబ్బుతోందని చెప్పగానే, ఏ పరీక్షా లేకుండా పాలు, పెరుగు అన్నీ మాన్పించడం మన దగ్గర మామూలైపోయింది. పాలలో ఉండే చక్కెరను లాక్టోజ్ అంటారు. చిన్నపేగులో అరగని లాక్టోజ్ పెద్దపేగుకు చేరి, అక్కడి బ్యాక్టీరియా వల్ల పులిసి హైడ్రోజన్‌ను పుట్టిస్తుంది. ఆ వాయువు రక్తంలో కలిసి ఊపిరితిత్తుల ద్వారా బయటకు వస్తుంది. మన శరీర కణాలు హైడ్రోజన్‌ను తయారుచేయవు కనుకనే ఊపిరిలో దాని కొలతకు అంత విలువ.

ఈ శ్వాస పరీక్షలో, రాత్రంతా ఏమీ తినని రోగికి సాధారణంగా 25 గ్రాముల లాక్టోజ్‌ను, అంటే సుమారు అర లీటరు పాలలో ఉండేంత, నీటిలో కలిపి ఇచ్చి, మూడు గంటలపాటు విడతలుగా శ్వాస నమూనాలు తీస్తారు. మొదటి కొలత కంటే హైడ్రోజన్ పది లక్షల భాగాలకు 20 భాగాలు పెరిగితే లాక్టోజ్ సరిగా అరగడం లేదని నిర్ధారిస్తారు. సూది గుచ్చే పని లేదు. అయితే అంతకుముందు నాలుగు వారాల్లో యాంటీబయాటిక్స్ వాడినా, పరీక్ష రోజున పొగ తాగినా ఫలితం తప్పవచ్చు. కొందరి పేగుల్లో హైడ్రోజన్ మీథేన్‌గా మారిపోతుంది కాబట్టి ఆ వాయువునూ కొలవాలి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. లాక్టోజ్ అరగకపోవడం వేరు, దానివల్ల బాధ కలగడం వేరు. దక్షిణ భారతంలో పెద్దవారిలో చాలామందికి లాక్టోజ్‌ను అరిగించే లాక్టేజ్ అనే ఎంజైమ్ తక్కువే అయినా, వారిలో అనేకులు పెరుగన్నం, కప్పు కాఫీ హాయిగా తీసుకుంటారు. అందుచేత పరీక్ష వేళ నొప్పి, ఉబ్బరం వంటి లక్షణాలను కూడా తప్పక నమోదు చేయాలి. ఈ పరీక్షను జిల్లా ప్రభుత్వ ఆసుపత్రులలో అందుబాటులోకి తేవాలని రెండు తెలుగు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలను కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, గుంటూరు