డాబా మీంచి మాత్రం లేపకు

కొలంబస్, ఒహాయో
డిసెంబరు, ఆదివారం రాత్రి

ఒరేయ్ చిన్నోడా,

ఫోన్లో చెప్పబోతే "సరే అక్కా, సరే అక్కా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను. అమ్మకి నువ్వే చదివి వినిపించు, తనకి ఫోన్లో అక్షరాలు ఆనవు. మధ్యలో ఒక ముక్క ఉంటుంది, అది మాత్రం దాటేసి చదువు.

మేం బాగానే ఉన్నాం. ఆఫీసు మామూలే. రెండుసార్లు మంచు పడింది, పాపకి కొత్త బూట్లు కొన్నాం. అమ్మా, నేను అన్నం తింటున్నాను, వీడియోలో మొహం పీక్కుపోయినట్టు కనపడేది ఇక్కడి లైట్ల వల్లే.

డ్రోన్ తెమ్మంటే అక్క పిసినారితనం చేసిందని పిన్నితో అన్నావట. నాకు అన్నీ తెలుస్తాయి. బయటి దేశం డ్రోన్లు తెచ్చుకోవడం 2022 ఫిబ్రవరి నుంచి మన దగ్గర నిషేధంరా. తీరా తెచ్చాక శంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్ళు పెట్టె తెరిపిస్తే నీ డ్రోనూ పోతుంది, పాపని చంకనేసుకుని నేను వాళ్ళకి సంజాయిషీ చెప్పుకోవాలి. పోనీలే వదిలేశావనుకుంటే, ఇప్పుడు పెళ్ళి వీడియోలు తీసే నీ ఫ్రెండు దగ్గర అడిగి తెచ్చి కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో ఎగరేస్తానంటున్నావు. అది విన్నప్పట్నుంచి నాకు టెన్షన్.

నేనేదో పండితురాలినని చెప్పడం లేదు. నా డ్రోన్ 249 గ్రాములది, అంటే మన జామకాయంత బరువు కూడా ఉండదు. మొదటిరోజు పార్కులో లేపాను, బుద్ధిగా వెళ్ళింది. వెనక్కి తిప్పాను, నా వైపు వస్తోంది. కుడికి పోనిద్దామని కుడికి నొక్కితే ఎడమకి పోయింది. కంగారులో ఇంకా గట్టిగా నొక్కాను. మేపుల్ చెట్టులో చిక్కుకుని అరగంట వేలాడింది, మీ బావ గొడుగు విసిరితే గొడుగు కూడా అక్కడే ఉండిపోయింది. దాని ముక్కు మన వైపు ఉంటే కుడి ఎడమలు తారుమారవుతాయి, ఈ సంగతి చెయ్యికి అలవాటు కావాలి, బుర్రకి తెలిస్తే చాలదు. కాబట్టి మొదటి వారం కోత కోసేసిన ఖాళీ చేలో, నీ తలంత ఎత్తులో, దాని తోక నీ వైపు ఉంచుకునే నడుపు. ఎదురుగా తిప్పుకోవడం తర్వాత. ఏం చెయ్యాలో తోచకపోతే రెండు చేతులూ తీసెయ్యి, జీపీఎస్ అందుకుని ఉంటే ఉన్నచోటే ఆగి ఉంటుంది. ఇది నాకెవరూ చెప్పలేదు.

నువ్వు డాబా మీంచి లేపుతావు, నాకు తెలుసు. వద్దు. స్లాబులో ఇనప చువ్వలుంటాయి కదా, వాటికి దాని దిక్సూచి తికమకపడుతుంది, ఉత్తరం ఎటో తెలియక ఒక్కోసారి గుండ్రంగా కొట్టుకుంటూ పోతుంది. పెరట్లో గడ్డిమేటు అవతల చాప వేసి దాని మీంచి లేపు. శాటిలైట్లు అందుకుని, హోమ్ పాయింట్ రాసుకున్నానని స్క్రీన్ మీద చెప్పేదాకా ఆగు. నీకు ఆగడం ఎక్కడ వచ్చు, కాఫీ చల్లారేదాకా కూడా ఆగవు.

హోమ్ పాయింట్ అంటే, సిగ్నల్ తెగినా బ్యాటరీ అయిపోవస్తున్నా అది తనంతట తాను తిరిగి వచ్చే చోటు. ఏ ఎత్తులో రావాలో ముందే పెట్టాలి. మన కొబ్బరిచెట్లు ఎనభై తొంభై అడుగులవి కూడా ఉన్నాయి కాబట్టి నూట యాభైకి తగ్గించకు. సెన్సార్లు చూసుకుంటాయిలే అంటాడు నీ ఫ్రెండు. గోడని చూస్తాయి. కొబ్బరాకు కొసనీ కరెంటు తీగనీ చూడవు. ఇంకోటి, కొబ్బరికాయల దింపు తీసే రోజు తోటలోకి అసలు తీసుకెళ్ళకు. చెట్టు మీద కత్తి పట్టుకున్న మనిషి చెవి దగ్గర ఆ రొద వినపడి ఉలిక్కిపడితే ఏం కాను?

కోటిపల్లి రేవులో ఏరు దాటించే పంటు మీంచి గోదావరిని తీస్తానన్నావు. అద్భుతంగా ఉంటుంది, నాకూ చూడాలనుంది, కానీ ఒక్కటి ఆలోచించు. పంటు కదులుతూ ఉంటుంది. నువ్వు లేపిన చోటునే అది ఇల్లు అనుకుంటుంది. నడిగోదాట్లో ఉండగా తిరిగి రమ్మని మీట నొక్కితే పంటు దగ్గరికి రాదు, ఎక్కడ లేచిందో అక్కడికే పోయి బుద్ధిగా నీళ్ళలో దిగుతుంది. ఒడ్డున నిలబడి తియ్యి. నీళ్ళకి మరీ దగ్గరగా దించకు, కింద కెమెరా అలల్ని చూసి నేలేదో తేల్చుకోలేదు. మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి తిరుగుతుంది కదా, పోయేటప్పుడు గాలివాటున రయ్యిన పోయి వచ్చేటప్పుడు ఎదురుగాలికి ఈడ్చుకుంటూ వస్తుంది. సగం ఛార్జింగు ఉండగానే వెనక్కి తిప్పెయ్యి. పొద్దున్న ఏడింటికి అయితే గాలీ ఉండదు, వెలుగూ బాగుంటుంది, కానీ నువ్వు లేవాలి.

నాన్న ఇంకా ఆ పాత మోటారు బాగుచేయిస్తూనే ఉన్నారా? డబ్బులు పంపుతానంటే ఎందుకు వద్దంటారో నాకర్థం కాదు.

రూల్స్ అంటే నీకు చిరాకు. ఇక్కడైతే సరదాకి ఎగరేసేవాళ్ళు కూడా ట్రస్ట్ అని ఆన్‌లైన్‌లో ఒక పరీక్ష రాయాలి, డబ్బులేమీ కట్టక్కర్లేదు. గ్రాండ్ కాన్యన్‌కి వెళ్ళినప్పుడు అంత దూరం మోసుకెళ్ళి సంచీలోంచి తీయకుండానే తెచ్చాను, నేషనల్ పార్కుల్లో ఎక్కడా ఎగరెయ్యనివ్వరు. మన దగ్గర 2021 డ్రోన్ రూల్స్ ఉన్నాయి. ముందు ప్రభుత్వం వాళ్ళ డిజిటల్ స్కై మ్యాప్ చూడు. ఆకుపచ్చ ఉన్నచోట మామూలుగా 400 అడుగుల దాకా అనుమతి అక్కర్లేదు. పసుపైతే విమానాల కంట్రోల్ వాళ్ళని అడగాలి, ఎరుపైతే కేంద్ర ప్రభుత్వాన్ని. రాజమండ్రి మధురపూడి విమానాశ్రయం చుట్టూ ఎనిమిది కిలోమీటర్లూ పసుపే, కాబట్టి అత్తయ్య వాళ్ళింటికి వెళ్ళినప్పుడు అక్కడ బయటికి తీయకు. ఓఎన్‌జీసీ వాళ్ళ స్థలాల పక్కన కూడా మ్యాప్ చూడకుండా లేపకు. రెండు కిలోల లోపుది సరదాకైతే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, కానీ నీ ఫ్రెండు డబ్బులు తీసుకుని తీస్తాడు కదా, వాడి లెక్క వేరే. వాడి డ్రోన్‌కి యూఐఎన్ నంబరు, అదే రిజిస్ట్రేషన్ నంబరు, ఉందో లేదో అడుగు. నీళ్ళు నమిలితే ముట్టుకోకు.

తీర్థం సంగతి. పదకొండు ఊళ్ళ నుంచి దేవుళ్ళని మోసుకొచ్చే ఎత్తయిన వెదురు ప్రభలూ ఒక్కచోట నిలబడితే పైనుంచి ఎలా ఉంటుందో చూడాలని ఎవరికుండదు? 2023లో ఢిల్లీ రిపబ్లిక్ డే శకటంగా మన ప్రభల తీర్థం వెళ్ళినప్పుడు ఇక్కడ ఆఫీసులో అందరికీ చూపించాను, అదేమిటో చెప్పలేక నాలుగుసార్లు తడబడ్డాను. అయినా జనం మీద ఎగరెయ్యకు. కౌశిక ఏటిలోంచి గంగలకుర్రు ప్రభలు దాటేటప్పుడు శరభ శరభ అంటూ భుజాల మీద మోసేవాళ్ళు తల పైకెత్తి నీ బొమ్మని చూడాలా, కాలు ఎక్కడ పెడుతున్నారో చూసుకోవాలా? బాణసంచా ఒకటి. అంతమంది ఫోన్లు ఒక్కచోట ఉంటే సిగ్నల్ కూడా సన్నగిల్లుతుంది. పండక్కి పోలీసులు ఆ చుట్టుపక్కల తాత్కాలికంగా రెడ్ జోన్ పెట్టినా పెట్టొచ్చు, ముందురోజే స్టేషన్లో అడుగు. నా మాట వింటే, భోగికి ముందు, ఊళ్ళో ప్రభ కడుతున్నప్పుడు తియ్యి. వెదురు వంచి కట్టేటప్పుడు, పెద్దవాళ్ళని అడిగి, ఓ పక్కన దూరంగా ఉంచి. నాకు అదే కావాలి.

ఇక్కడ ఆగి, అమ్మకి చదవకుండా నువ్వు చదువు.

పోయిన వేసవిలో తలంటుకుని కిటికీ దగ్గర తల తుడుచుకుంటున్నాను. మాది మూడో అంతస్తు, ఎవరు చూస్తారు అని కర్టెన్ వెయ్యలేదు. తుమ్మెద రొద లాంటిది వినపడింది. తువ్వాలు తీసి చూస్తే అద్దానికి బారెడు దూరంలో డ్రోన్, కెమెరా నా వైపే. పది సెకన్లు ఉందేమో. ఎవరిదో తెలియలేదు, దారితప్పి వచ్చిందో, కావాలని తెచ్చాడో అదీ తెలియలేదు. ఆ తర్వాత వారం రోజులు పగటిపూట కూడా కర్టెన్లు వేసుకుని లైటు పెట్టుకున్నాను. మీ బావకి కూడా రెండు రోజుల తర్వాత చెప్పాను. నేనూ డ్రోన్ ఎగరేసేదాన్నే కదా, నేను ఎన్ని కిటికీల ముందు నుంచి పోనిచ్చానో అని అప్పుడు తట్టింది.

మన రేవులో ఆడవాళ్ళు బట్టలు ఉతుక్కుంటారు, స్నానాలు చేస్తారు. లంకల్లో ఇప్పటికీ తడికల స్నానాలగదులున్నాయి, వాటికి పైన కప్పుండదు. నువ్వు అటు చూడవని నాకు తెలుసు, వాళ్ళకెలా తెలుస్తుంది? వాళ్ళకి వినపడేది రొద ఒక్కటే. ఊరి మీదుగా పోవాల్సి వస్తే రేవు ఉన్న వైపు వద్దు. ఎవరైనా వచ్చి ఏం తీస్తున్నావని అడిగితే కసురుకోకుండా స్క్రీన్ వాళ్ళ చేతికిచ్చి చూపించు. వద్దంటే దించెయ్యి, వాళ్ళ ముందే చెరిపెయ్యి.

ఇక్కణ్ణుంచి మళ్ళీ పైకి చదువు.

అమ్మా, మోకాలికి ఆ నూనె రాస్తున్నావా, మానేశావా? పాప నీ గొంతు వింటే చాలు, తినడం ఆపి ఫోను లాక్కుంటోంది. ఏప్రిల్లో రావాలని ఉంది, సెలవు దొరికితే. ఇంకా ఎవరికీ చెప్పకు.

చిన్నోడా, బ్యాటరీలు ఎండలో బండి డిక్కీలో వదిలెయ్యకు, ఉబ్బినదాన్ని ఛార్జింగు పెట్టకు. గద్ద వెంటపడితే పక్కకి కాదు, నిటారుగా పైకి లేపు. నాకు పంపేది ఇంటి వీడియో ముందు. అరుగు, బావి, తాతయ్య వేసిన పనస, అన్నీ కనపడాలి. అమ్మకి ముందే చెప్పు, లేకపోతే ఆ పాత నైటీలో ఉన్నప్పుడు తీశావని నాతో రెండు నెలలు మాట్లాడదు.

మీ అక్క