పెట్రోలుతో కార్బురేటర్ కడగడం ఆపెయ్ బాబాయ్

కొలంబస్, ఒహాయో

బాబాయ్‌కి,

నమస్కారం. పిన్ని, తాతయ్య, పిల్లలు అందరూ కులాసా అనుకుంటాను. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. మొన్న ఫోన్లో "అక్కడ దొరికే కార్బురేటర్ స్ప్రే రెండు డబ్బాలు ఎవరైనా వస్తుంటే పంపరా" అన్నావు కదా. సమాధానం సగంలో ఉండగానే లైన్ కట్టయిపోయింది. చెప్పాల్సింది చాలా ఉంది కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. తమ్ముడి ఫోన్లో చదువుకో, లేదంటే వాణ్నే చదివి వినిపించమను.

డబ్బాలు పంపడం కుదరదు బాబాయ్. లోపలుండే ద్రవమూ మండేదే, దాన్ని బయటికి తోసే గ్యాసూ మండేదే. చేతి సంచీలోనే కాదు, చెకిన్ సూట్‌కేసులో కూడా పెట్టనివ్వరు. డియోడరెంట్, షేవింగ్ ఫోమ్ లాంటి ఒంటికి వాడే స్ప్రేలకే మినహాయింపు. పోస్టులోనూ తీసుకోరు. తెలిసినవాళ్ల సామానులో దాచి పెట్టి వాళ్లని ఎయిర్‌పోర్టులో ఇరికించడం నాకిష్టం లేదు. అయినా దాని అవసరం కూడా లేదు. త్రీఎం, మోతుల్, వుర్త్ లాంటి కంపెనీల కార్బురేటర్ క్లీనర్లు మన దగ్గరే అమ్ముతున్నారు. తణుకులో లేకపోతే విజయవాడలో పెద్ద స్పేర్‌పార్ట్స్ షాపుల్లో అడుగు, లేదా తమ్ముడు ఆన్‌లైన్లో తెప్పిస్తాడు. కొనేటప్పుడు డబ్బా మీద కార్బురేటర్ క్లీనర్ అనే ఉందా చూసుకో. మామూలు నీలం-పసుపు డబ్ల్యూడీ-40 డబ్బా తుప్పు పట్టిన బోల్టు ఊడదీయడానికి బాగా పనికొస్తుంది గానీ జెట్‌లో, అంటే పెట్రోలు వచ్చే సన్న కన్నమున్న ఇత్తడి ముక్కలో, పెట్రోలు ఎండి గట్టిపడ్డ జిగురుని అది కదిలించలేదు. ఆ కంపెనీయే కార్బురేటర్ కోసం వేరే డబ్బా చేస్తుంది, అది వేరు ఇది వేరు.

ఇక నీ షెడ్డుకి రిపేరుకొచ్చిన ఆ మాస్టారి స్ప్లెండర్ బండి సంగతి. చోక్ లాగితే స్టార్టవుతోంది, చోక్ తీస్తే ఆగిపోతోంది, ఐడిలింగ్ నిలబడటం లేదు, పెట్రోల్లో కడిగి గాలి పట్టినా మళ్లీ అదే కథ అన్నావు. అది స్లో జెట్టే బాబాయ్, ఐడిలింగ్‌కి పెట్రోలు అందించే చిన్న జెట్టు, లేదా స్లో జెట్ నించి ఇంజన్ వైపు వెళ్లే సన్నటి దారి. కీహిన్ కంపెనీ స్లో జెట్ మీద 38 అని ఉంటే ఆ కన్నం సుమారు 0.38 మిల్లీమీటర్లు అని లెక్క. అందులో చిన్న పొర పట్టినా చాలు. ఆ బండి మెట్ల కింద ఎన్ని నెలలు ఊరికే పడి ఉందో, ఫ్లోట్ బౌల్లో, అదే కార్బురేటర్ అడుగున ఉండే గిన్నెలో, పెట్రోలు అన్నాళ్లూ అలాగే ఉంది. తేలిక భాగాలన్నీ ఆవిరైపోయాయి, మిగిలింది గాలి తగిలి మారిపోయి పసుపు, గోధుమ రంగు పొరగా అంటుకుంది, గిన్నెలో బెల్లం పాకం ఎండి అడుగున పట్టేసినట్టు.

ఇదిగో ఇక్కడే నువ్వు ఒక సంగతి గమనించాలి. అలా గాలికి మారిపోయిన జిగురు తిరిగి పెట్రోల్లో కరగదు. పెట్రోల్లో జిగురు ఎంత ఉందో తేల్చే లాబ్ పరీక్షలో కూడా పెట్రోలుని ఆవిరి చేసి, మిగిలిన మడ్డిని హెప్టేన్‌తో కడుగుతారు. హెప్టేన్ కూడా పెట్రోలు జాతిదే. ఆ కడుగుడుకి పోకుండా మిగిలిందే అసలు జిగురు అని లెక్క కడతారు. అంటే నువ్వు షెడ్లో మూకుడు నిండా పెట్రోలు పోసి బ్రష్‌తో రుద్దినప్పుడు నూనె పోతుంది, మట్టి పోతుంది, పైకి తళతళలాడుతుంది, కానీ లోపలి కన్నంలో జిగురు మాత్రం అలాగే ఉంటుంది. కిరసనాయిలుదీ అదే సంగతి. దాన్ని కరిగించాలంటే అసిటోన్, టోలీన్ లాంటివి కావాలి. ఇక్కడి డబ్బాల్లో ఉండేవీ అవే, కంపెనీని బట్టి పాళ్లు మారతాయి అంతే.

స్ప్రే కొనడం దండగ అనిపిస్తే పెయింట్ షాపులో ఎన్‌సీ థిన్నర్ ఉంటుంది చూడు, అందులోనూ టోలీన్, ఇంకా అలాంటి ద్రావకాలే ఉంటాయి. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పోసి జెట్లు, ఎమల్షన్ ట్యూబు, ఇత్తడి ముక్కలన్నీ రాత్రంతా నానబెట్టు. ప్లాస్టిక్ డబ్బా వద్దు, అదే కరిగిపోతుంది. బాడీ కూడా వెయ్యొచ్చు, కానీ వేసేముందు రబ్బరు అన్నదేదీ దాని మీద ఉండకూడదు. ఓ-రింగులు, బౌల్ గాస్కెట్, ప్లాస్టిక్ ఫ్లోట్, మొన రబ్బరుండే ఫ్లోట్ నీడిల్ అన్నీ పక్కన పెట్టి సబ్బునీళ్లతో కడుగు చాలు. స్ప్లెండర్‌లో గాలి దారి తెరిచే స్లైడ్ కేబుల్‌తో నేరుగా లేస్తుంది కాబట్టి ఒక గొడవ తప్పింది. సీవీ కార్బురేటర్, అంటే ఇంజన్ లాగుడుకి రబ్బరు డయాఫ్రం స్లైడ్‌ని ఎత్తే రకం, ఉన్న బళ్లు వస్తే మాత్రం పై మూత విప్పి ఆ పల్చటి రబ్బరు డయాఫ్రం తీశాకే స్ప్రే ముట్టుకో. తగిలిందంటే ఉబ్బి అంచు గాడిలో కూర్చోదు, కొత్తది కొనాల్సిందే. ట్యాంకు రంగు మీద ఒక్క చుక్క పడినా పెయింట్ లేచిపోతుంది, గుడ్డ కప్పుకో.

ఇక్కడ మా వీధి చివర ఒక పెద్దాయన దగ్గర 1970ల నాటి హోండా సీబీ350 ఉంది. దానికి రెండు కార్బురేటర్లు, రెండూ డయాఫ్రం రకం. నేను ఆదివారాలు ఆయన గరాజ్‌లో కూర్చుంటాను, నీ షెడ్లో పెరిగినవాణ్ని కదా, ఆ వాసన లేకపోతే నాకు తోచదు. ఒహాయోలో నవంబరు నించి మార్చి దాకా చలికి బళ్లు మూలన పడి ఉంటాయి, వసంతం రాగానే ప్రతివాడికీ నీ మాస్టారి బండి జబ్బే. అందుకే ఇక్కడ దీనికి ఇన్ని మందులు. ఆయన దగ్గర నేను చూసి నేర్చుకున్నది ఏంటంటే, ముందు బౌల్ విప్పి ఏ రకం మురికో చూస్తాడు, ఆ తర్వాతే మందు తీస్తాడు.

గోధుమ రంగు పొరైతే ఇందాక చెప్పిందే. తెల్లటి, పచ్చటి పొక్కులు కనిపిస్తే అది జిగురు కాదు, నీళ్లు చేరి లోహం తినేసిన గుర్తు. మన దగ్గర ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు కదా, ఇథనాల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, నీళ్లు ఎక్కువైతే పెట్రోలు నించి విడిపోయి రెండూ కలిసి అడుక్కి దిగుతాయి. ఆ పొక్కుల మీద ఎన్ని డబ్బాల స్ప్రే కొట్టినా దండగ. ఇత్తడి జెట్లయితే పిన్ని రాగిచెంబు తోమినట్టే పులుపు పనిచేస్తుంది. వేడినీళ్లలో నిమ్మరసం పిండి పది, పదిహేను నిమిషాలు ఉంచి, తీసి వంటసోడా నీళ్లలో ముంచి, మంచినీళ్లతో కడిగి వెంటనే గాలి పట్టు. బాడీని మాత్రం పులుపులో నానెయ్యొద్దు, అది అల్యూమినియం, జింకు కలిసిన పోత, నల్లబడి గుంటలు పడుతుంది. కాస్టిక్ సోడా అయితే దగ్గరికే రానివ్వకు, అది అల్యూమినియాన్ని బుస్సున తినేస్తుంది.

బాడీలో దారులకి అన్నిటికంటే బాగా పనిచేసేది అల్ట్రాసోనిక్ మెషీన్. వేడి నీళ్లు, కాస్త డిటర్జెంట్, అంతే. సెకనుకి 40 వేలసార్లు నీళ్లని అదిలిస్తుంది, సన్నటి బుడగలు పుట్టి పగులుతూ బ్రష్ వెళ్లని చోటకి కూడా వెళ్లి మురికిని లేపుతాయి. కొనమని అనట్లేదు. మన బజార్లో కళ్లజోళ్ల షాపుల్లో, బంగారం షాపుల్లో చిన్నవి ఉంటాయి. నూనె, మడ్డి అంతా ముందే కడిగేసి శుభ్రంగా తీసుకెళ్తే తెలిసినవాళ్లు కాదనరు. ఒక్కటే షరతు, అందులో పెట్రోలు గానీ థిన్నర్ గానీ పొయ్యకూడదు, నిప్పంటుకుంటుంది.

ట్యాంకు లోపలి తుప్పు, ఇసుక వచ్చి పడితే ఏ కెమికలూ అక్కర్లేదు. గాలి కొట్టి, ట్యాంకు కడిగి, కొత్త ఫిల్టర్ వెయ్యి. పెట్రోల్లో కలిపే సీసాలు కూడా అడిగావు. మంచివి ఉన్నాయి, కొంచెం పొర పట్టిన బండికి పనిచేస్తాయి, కానీ పూర్తిగా మూసుకుపోయిన స్లో జెట్‌కి ఆ మందు చేరేదే లేదు, చేరాలంటే పెట్రోలు పారాలిగా.

మాస్టారి బండికి ఇలా చేసి చూడు. ఐడిలింగ్‌లో గాలి, పెట్రోలు పాళ్లు సరిచేసే మిక్చర్ స్క్రూ విప్పే ముందు మెల్లిగా లోపలికి తిప్పి ఎన్ని చుట్లు పట్టిందో గోడ మీద రాసుకో, బిగించేటప్పుడు అన్నే చుట్లు వదలాలి. స్లో జెట్ తీసి వెలుతురుకి ఎదురుగా పెట్టు, కన్నం గుండ్రంగా కనపడాలి, అంచు వంకరగా ఉన్నా ఇంకా మురికి ఉన్నట్టే. ఇనప పిన్ను గుచ్చొద్దు, ఇత్తడి మెత్తన, కన్నం పెద్దదైతే బండి జన్మంతా పెట్రోలు తాగుతుంది. కరెంటు వైర్లోని ఒక్క రాగి పోగు చాలు. తర్వాత స్ప్రే గొట్టం స్లో జెట్ కూర్చునే కన్నంలో పెట్టి కొట్టు. గొంతులో, స్లైడ్ దగ్గర ఉండే చిన్న చిల్లులోంచి సూదిలా తిన్నగా రావాలి. చెమ్మగా కారితే దారి ఇంకా తెరుచుకోలేదని. ఇలా కొట్టేటప్పుడు కళ్లజోడు తప్పనిసరి. ఒక కన్నంలో కొడితే ఇంకో కన్నంలోంచి నేరుగా కంట్లోకి వస్తుంది, నువ్వు ఎటు తిప్పుకున్నా సరే.

ఇప్పుడు నేను నిజంగా చెప్పాలనుకున్నది. మొన్న వీడియో కాల్లో నీ చేతులు చూశాను. కణుపుల దగ్గర చర్మం తెల్లగా పాలిపోయి నెర్రెలు పడింది. పిన్ని రాత్రి కొబ్బరినూనె రాస్తుందంట, పొద్దున్నే మళ్లీ అదే పెట్రోల్లో ముంచుతున్నావు. పెట్రోలు చర్మంలో నూనెనంతా లాగేస్తుంది. అంతకంటే పెద్దది, అందులో బెంజీన్ ఉంటుంది. మన బీఎస్6 పెట్రోల్లో 1 శాతం దాకా ఉండొచ్చని రూలు, పాత పెట్రోల్లో ఇంకా ఎక్కువ ఉండేది. బెంజీన్ రక్తానికి క్యాన్సర్ తెస్తుంది, అందులో సందేహమే లేదు. చర్మం నించి కొంత, ఊపిరి నించి ఎక్కువ లోపలికి పోతుంది. నువ్వు జెట్‌ని నోట్లో పెట్టుకుని ఊదుతావు, ట్యాంకులోంచి పెట్రోలు తీయడానికి పైపు నోటితో పీలుస్తావు. ఒక్క గుక్క పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది బాబాయ్. పైపుకి చేత్తో నొక్కే రబ్బరు పంపు పెట్టు, జెట్‌కి కంప్రెసర్ గాలి పెట్టు, రెండూ షెడ్లోనే ఉన్నాయి.

థిన్నర్, స్ప్రే కూడా మంచివేం కాదు. కాకపోతే పని తొందరగా అవుతుంది, మూతేసిన డబ్బాలో నానుతుంది, నువ్వు గంటలకొద్దీ చేతులు ముంచి కూర్చోనక్కర్లేదు. షట్టర్ పూర్తిగా ఎత్తి, గుమ్మం దగ్గర గాలి ఆడేచోట చెయ్యి. పొద్దున దేవుడి పటం ముందు వెలిగించిన అగరొత్తులు ఆరాకే డబ్బా మూత తియ్యి, బీడీ కాల్చుకునేవాళ్లని రోడ్డు అవతలికి పంపు.

కుర్రాళ్లకి కూడా చెప్పు, వాళ్లు నిన్ను చూసే చేస్తారు.

స్ప్రే పంపలేకపోయినా గ్లవ్స్ పంపుతాను, అవి ఎవరైనా తెస్తారు. మందంగా ఉండే నైట్రైల్ రకం, పెట్రోలుకి బాగా ఆగుతాయి. అసిటోన్‌కి మాత్రం తొందరగా లొంగిపోతాయి, స్ప్రే పడి తడిస్తే వెంటనే తీసి పారేసి కొత్తవి తొడుక్కో, దాచుకోకు, పెట్టెడు పంపుతాను. నైలాన్ బ్రష్షుల సెట్ కూడా పెడతాను. నీ అరచెయ్యి వెడల్పు టేపుతో కొలిచి, బొటనవేలు వదిలేసి, ఎన్ని సెంటీమీటర్లో తమ్ముడి చేత మెసేజ్ పెట్టించు. కుర్రాళ్ల చేతులు కూడా కొలిపించు. మాస్టారి బండి స్లో జెట్ మీద నంబరు ఎంతుందో ఫొటో తీసి పంపు, పుట్టిన నంబరో, ఎవరైనా మార్చారో చూసి చెప్తాను. బాగయ్యాక ఆయనకి ఒక మాట చెప్పు, పదిహేను రోజులకి మించి ఆపాల్సి వస్తే పెట్రోలు కాక్ కట్టేసి ఇంజన్ ఆగిందాకా నడపమను, బౌల్ కింద డ్రెయిన్ స్క్రూ వదిలి మిగిలిన చుక్కలు కూడా దించేయమను.

పిన్నికి, తాతయ్యకి నా నమస్కారాలు చెప్పు. కొలతలు రాగానే పార్సిల్ కడతాను.

నీ
పెద్దోడు