టమాటా లారీ డ్రైవరన్నకి, ఇంకా అందరికీ

సరిగ్గా నిద్రలేదు, అక్షరాలు తప్పుపోతే ఏమనుకోవద్దు. మా చిన్నోడికి ఆపరేషన్ అయింది. కుడి మోకాలి కింద ఎముకకి రాడ్ వేశారు. తలకి ఏమీ కాలేదని స్కాన్ చూసి డాక్టర్ గారు చెప్పారు. బైకు మీద వాడి వెనక కూర్చున్న స్నేహితుడికి మోచేతులు గీరుకుపోయాయి, అంతే. ఫోన్ చేసిన ప్రతి ఒక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

సోమవారం పొద్దున క్లాసుకి అందుకోవాలని తెల్లవారుజామున వనపర్తి నుంచి హైదరాబాద్ బయల్దేరారు ఇద్దరూ. జడ్చర్ల ఇంకా రాకముందే, 44వ నంబరు హైవే మీద ఎడమ పక్కన ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రాలీని వెనక నుంచి గుద్దారు. ట్రాలీకి లైటు లేదు, ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్ కూడా లేదు.

వెనక వస్తున్న లారీ ఆగింది. మదనపల్లె నుంచి బోయిన్‌పల్లి మార్కెట్‌కి టమాటా లోడు. పొద్దున వేలానికి అందకపోతే ఆ సరుకు గతేంటో ఆ పని చేసేవాళ్లకి తెలుసు. ఆ అన్న లారీని పిల్లలకి వెనకగా అడ్డం పెట్టి, నాలుగు ఇండికేటర్లూ వేసి, వెనక నుంచి ఇంకో బండి వాళ్ల మీదికి రాకుండా చేశాడు. చుట్టూ మూగినవాళ్లు హెల్మెట్ లాగబోతే వద్దన్నాడు. నోట్లో నీళ్లు పోయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. కాలు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. తన దుప్పటి కప్పి, పక్కనే రోడ్డు మీద కూర్చుని, ఏ ఊరు, ఏం చదువుతున్నావు, అమ్మ ఏం వండిపెట్టింది అని అడుగుతూనే ఉన్నాడట.

స్నేహితుడు నాకు ఫోన్ చేసి ఏడుస్తున్నాడు, మాట రావట్లేదు. ఈ అన్న ఫోన్ తీసుకున్నాడు. "అన్నా, పిల్లోడు బాగుండాడు. మాట్లాడతా ఉండాడు. కాలికి దెబ్బ తగిలింది. నువ్వు బండి నిదానంగా తోలుకోని రా. ఫోను పక్కనోళ్లకి ఇయ్యి, తోలతా తోలతా నాతో మాట్లాడొద్దు. నేను ఈడే ఉంటా."

నా కొడుకుని కాపాడుతున్న మనిషి, ఇంత చీకట్లో నేనెలా వస్తానో అని కూడా ఆలోచించాడు. ఇప్పుడు ఇది రాస్తున్నా గొంతు పట్టేస్తోంది. ఆ ఒక్క మాటకే నేను స్పీడు తగ్గించి వెళ్లాను.

ఆయన మార్కెట్‌కి చేరేసరికి మధ్యాహ్నమైందట. లోడు ఏ రేటుకి పోయిందో ఎంత అడిగినా చెప్పలేదు, డబ్బులివ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. తిరుగు ప్రయాణంలో వార్డుకి వచ్చాడు. "ఎంతలో వస్తాండావు?" అని అడిగాడు. మావాడు ఎనభై అన్నాడు. "నీ లైటు ఎంత దూరం చూపిస్తాదో ఆ లోపల బండి ఆగాల. ఆగదంటే నువ్వు కండ్లు మూసుకోని పోతాండావనే." గంటకి 80 అంటే సెకనుకి 22 మీటర్లు. మావాడు మంచం మీదే లెక్క కట్టుకున్నాడు. పంతొమ్మిదేళ్ల పిల్లాడికి మేం ఎన్నిసార్లు 'మెల్లగా పో' అన్నా, ఎంత మెల్లగానో ఆయనే చెప్పాడు. లైసెన్స్ టెస్టులో ఎనిమిది అంకె తిప్పించి పంపారు, రాత్రిపూట తోలడం గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

ఒక్కటి మాత్రం చెప్పుకోవాలి. వెనకవాడు హెల్మెట్ పెట్టుకునేదాకా మావాడు కిక్ కొట్టలేదట. ఆ స్నేహితుడి అమ్మ నా చేతులు పట్టుకుని చెప్పింది.

ఇంత చేసిన మనిషిని నీ లారీయే గుద్దిందా అని పోలీసులు పక్కకి తీసుకెళ్లి గంటసేపు ప్రశ్నలు వేశారు. సాయం చేసినవాళ్లని వేధించకూడదని 2016లో సుప్రీంకోర్టు ఆదేశాలు ఉన్నాయి, 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షనే వచ్చింది. పేరు చెప్పమని బలవంతపెట్టడానికి కూడా లేదు. ఇలా చేస్తే రేపు ఏ డ్రైవర్ ఆగుతాడు? మొదట వెళ్లిన ఆసుపత్రిలో డబ్బు కడితేనే స్కాన్ అన్నారు. రోడ్డు ప్రమాదాలకి ఏడు రోజుల వరకు లక్షన్నర నగదు రహిత వైద్యం అని 2025 మేలో కేంద్రం పథకం తెచ్చింది కదా అంటే, కౌంటర్లో అమ్మాయి మాకు ఆర్డర్ రాలేదంది. ఆ అమ్మాయిని అని ఏం లాభం, ఆమెకి ఎవరూ చెప్పలేదు. రిఫ్లెక్టర్ లేని ట్రాలీని హైవే ఎక్కనిచ్చినవాళ్లని ఎవరు అడుగుతారు?

మా ఆవిడ, బావమరిది, అన్నావదినలు ఇక్కడే ఉన్నారు, వాళ్లకి వేరే చెప్పేదేముంది.

108లో వచ్చిన ఇద్దరికీ దండాలు, కాలికి కట్టు కట్టిన తీరు చూసి సర్జన్ గారు మెచ్చుకున్నారు. రక్తం ఇచ్చిన కాలేజీ పిల్లలకి. రాత్రి డ్యూటీ సిస్టర్‌కి, ఆమె పేరు అడగడం మర్చిపోయాను. అయ్యో, ట్రాలీ దగ్గర రోడ్డు మీద పడ్డ పుస్తకాలన్నీ ఏరి సంచిలో పెట్టి ఇచ్చిన ఆటో తమ్ముడికి. హైవే పక్క టీ హోటల్ పెద్దాయనకి కూడా: మీ టార్చిలైటు మా కారులోనే ఉండిపోయింది, వాణ్ణి డిశ్చార్జ్ చేసిన రోజు అటే వస్తాం, తెచ్చి ఇస్తాను.